బండి ఇక జన్మలో కూర్చోదు

మా ఆటోనగర్‌లో 'కూర్చుంది' అంటే చెడిపోయిందని అర్థం. లారీ కమాను కట్టలు కూర్చున్నాయంటే విరిగేలోపు మార్చాలి. సీటు కూర్చుందంటే లోపల స్పాంజి చచ్చింది. మేస్త్రి కూర్చున్నాడంటే పనైనా లేదు, ఓనరుతో గొడవైనా అయింది. నేను ఇప్పుడు పటమటలో మా ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాను. మీరు ఏ అర్థమైనా తీసుకోండి.

ఈ మధ్య పాలిటెక్నిక్ పూర్తిచేసిన పిల్లలు కొందరు వచ్చి, అనుభవాలు రాసిపెట్టండి మేస్త్రీ గారూ, మాకు పనికొస్తాయి అన్నారు. నేను ఏడో తరగతిలో లెక్కల మాస్టారితో పడక బడి మానేసినవాణ్ని. నేను ఎందుకూ పనికిరానని ఆయన క్లాసు మొత్తానికీ చెప్పాడు. ఆ ఒక్క లెక్కా ఆయన తప్పు చేశాడని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

నేను ఎప్పుడు పెద్ద మేస్త్రినయ్యాను, నాకు ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ రాయను. శాలువా కప్పినాయనే మర్నాడు తన బండి ఇంకా అవలేదని నా మీద కేకలేశాడు. ఒక్క మాట గురించి మాత్రం రాస్తాను. ఆ మాటని తప్పుగా విన్నందువల్ల మంగళగిరిలో ఒక పెద్దమనిషి గడప దాటడం మానేశాడు. కారు మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతోంది.

ముందు కుర్చీ, తర్వాత బానెట్

నాకు పని నేర్పినాయన వీరయ్య గారు. షెడ్డు ఆయనదే. మంచివాడని మాత్రం చెప్పను. చేతిలో ఏ స్పానరుంటే అది విసిరేవాడు. నా ఎడమ కనుబొమ మీద పధ్నాలుగో నంబరు స్పానరు గుర్తు ఇప్పటికీ ఉంది. ఇంకో నంబరు గుర్తు లేనందుకు మా ఆవిడ దేవుడికి దండం పెడుతుంది.

అయితే ఆయనకి ఒక అలవాటుండేది. బండి రాగానే బానెట్ ఎత్తనిచ్చేవాడు కాదు. వచ్చినాయనకి కుర్చీ వేయించి, టీ తెప్పించి, బండికి ఏమైందో తర్వాత చెబుదురు గానీ, దీన్ని ఎవరెవరు ఎక్కుతారు, ఎక్కడెక్కడికి పోతారు అని మొదలుపెట్టేవాడు. మేం వెనకాల చేరి, మా మేస్త్రి బండికి పెళ్లిచూపులు చేస్తున్నాడని నవ్వుకునేవాళ్లం.

పామర్రు అవతల నుంచి ఒక రైతు వచ్చేవాడు. ఎన్నిసార్లు మార్చినా క్లచ్ ప్లేట్లు కాలిపోయేవి. సామాను నాసిరకమని అందర్నీ తిట్టేవాడు. వీరయ్య గారు ఆయనకి రెండు టీలు పట్టించి అసలు సంగతి లాగారు. ఆయన ఊరికి కాలవ గట్టెక్కి పోవాలి. గట్టు వాలులో గేదెలు ఎదురొస్తే అవి దాటేదాకా ఈయన క్లచ్ సగం తొక్కి బండిని అలాగే వేలాడదీసేవాడు. బ్రేకు తొక్కొచ్చు కదయ్యా అంటే, బ్రేకు తొక్కితే మళ్లీ బండి ఎక్కదేమోనని భయమండీ అన్నాడు. ఆయనకి హ్యాండ్ బ్రేకు వాడటం నేర్పి పంపించారు. ఆ తర్వాత ఆయన క్లచ్ కోసం రాలేదు. మాకు ఒక గిరాకీ పోయిందని నేను జోకేస్తే, వీరయ్య గారు స్పానరు కోసం చుట్టూ చూశారు.

వీరయ్య గారికి చూపు మందగించాక షెడ్డు ఆయన అల్లుడు రమణబాబు గారి చేతికి వచ్చింది. చురుకైనవాడు, కష్టపడతాడు, నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. రాగానే ముందువైపు అద్దాల గది కట్టించాడు. అందులో ఏసీ, టీవీ, సోఫాలు. బండి తెచ్చినవాళ్లు అద్దానికి అవతల, బండి కింద మేము ఇవతల. వాళ్లేం చెప్పినా రమణబాబు గారు విని, తలుపు కొంచెం తెరిచి మాకు చెప్పేవాడు. చలిగాలి పోకూడదు కాబట్టి ముక్క ముక్కలుగా చెప్పేవాడు. కుర్చీలు పెరిగాయి, అడగడం తగ్గింది.

గాలి మీద నడిచే బండ్లు

ఈ ఎయిర్ సస్పెన్షన్ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఉక్కు స్ప్రింగు ఉండాల్సిన చోట రబ్బరు తిత్తి ఉంటుంది. నాలుగు చక్రాలకి నాలుగు తిత్తులు. వాటికి గాలి కొట్టడానికి ఒక చిన్న కంప్రెసరు, ఏ తిత్తికి ఎంత వెళ్లాలో పంచడానికి ఒక వాల్వుల పెట్టె. గాలి ఎక్కితే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది. కొత్తలో అది సింహాసనం. గోతుల రోడ్డు మీద కూడా కడుపులో చల్ల కదలదు.

బండి పాతబడ్డాక ఆ తిత్తులు మడతల దగ్గర పగులుతాయి. సబ్బు నీళ్లు కొట్టి చూస్తే బుడగలొస్తాయి. రాత్రి సరిగ్గా నిలబెట్టిన బండి పొద్దునకి ఒక మూల ఒరిగి ఉంటుంది. ఆ లీకుని పట్టించుకోకపోతే కంప్రెసరు గాలి కొట్టి కొట్టి కాలిపోతుంది. ఇంట్లో ఒకడు సంపాదించి నలుగురు తగలేస్తే ఆ ఒక్కడికి ఏమవుతుందో అదే. పైగా మన కృష్ణా గాలిలో సగం నీళ్లే. ఆ తేమ లోపలికి పోయి వాల్వులు అంటుకుపోతాయి. అప్పుడు బండి ఒక పక్క దిగమంటే దిగదు, ఇంకో పక్క వద్దన్నా దిగుతుంది.

కాబట్టి లీకు ఎక్కడో దొరికేదాకా సామాను మార్చకండి. వీటి కిందకి జాకీ ఒక్కదాన్ని నమ్మి దూరకండి, స్టాండ్లు పెట్టండి. ఎత్తు సర్దే స్విచ్చి ఆపకుండా ఎత్తితే బండి తనంతట తానే గాలి వదిలేస్తుంది. కింద ఎవరున్నారో చూసి మొహమాటపడదు.

కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్న ఒకాయన ఇలాంటి బండే పాతది కొన్నాడు. దసరాకి పూజ చేసి, దిష్టి తీసిన గుమ్మడికాయని పసుపు కుంకుమలతో బంపరు కింద పెట్టి, మర్నాడు కొడదామని పడుకున్నారు. పొద్దున లేచేసరికి ముందు తిత్తులు గాలి వదిలి బండి గుమ్మడికాయ మీద కూర్చుంది. ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ముందు పంతులు గారిని పిలిచారు, ఆయన శాంతి చేయాలన్నాడు. బండి మాత్రం లేవలేదు. అప్పుడు మమ్మల్ని పిలిచారు. నేను వెళ్లి సబ్బు నీళ్లు కొట్టి బుడగలు చూపించి, అమ్మా, దిష్టి ఇక్కడ తగిలింది అన్నాను. ఆవిడ నిజమేననుకుని ఆ తిత్తికి కూడా దండం పెట్టింది.

ఇలాంటి బండ్లలో చాలావాటికి తిత్తులన్నీ పీకేసి ఉక్కు స్ప్రింగులు బిగించేస్తారు. అది మోసం కాదు. నేనూ బిగించాను. కైకలూరు ఆయనకి అదే సరైన మందు, హాయిగా తిరుగుతున్నాడు. కానీ స్ప్రింగులు వేసిన బండి ఒకే ఎత్తులో ఉంటుంది. లేవదు, దిగదు. ఆ సంగతి ఎవరికి ఎంత ముఖ్యమో బండిని చూస్తే తెలియదు.

మంగళగిరి బండి

శివప్రసాద్ గారికి మంగళగిరిలో చేనేత బట్టల కొట్టుంది. తండ్రి నాగలింగం గారు మగ్గం నేసి, తర్వాత నలుగురి చేత నేయించి పెట్టిన కొట్టు. శివప్రసాద్ గారు నెమ్మదస్తుడు, తెల్ల చొక్కా మీద మడత నలగనివ్వడు. ఆయన తెచ్చింది పెద్ద విదేశీ బండి. పాతది, బాగా ఎత్తైనది.

అద్దాల గదిలో ఆయన రమణబాబు గారితో ఏం చెప్పాడో నాకు తర్వాత తెలిసింది. బండి సరిగ్గా కూర్చోవట్లేదండీ, లేవడానికీ ఇబ్బంది పడుతోంది, ఇంట్లో చాలా కష్టంగా ఉంది అన్నాడట. రమణబాబు గారు తలుపు కొంచెం తెరిచి నాకు చెప్పింది ఇదీ.

"మేస్త్రీ, మంగళగిరి బండి. కూర్చుంటోందంట."

అద్దం తలుపు ఇవతలికి వచ్చేసరికి 'వట్లేదు' రాలిపోయింది. రమణబాబు గారిది దురుద్దేశం కాదు. మా షెడ్డులో బండి కూర్చోవడమే రోగం. కూర్చోవడం లేదని ఏడ్చే మనిషి ఉంటాడని ఆయన చెవికి తోచలేదు.

చూశాను. ముందు ఎడమ తిత్తి పగిలింది. వాల్వులు అంటుకుపోయాయి. కంప్రెసరు అలిసిపోయింది. మిగతా మూడు తిత్తులూ బాగానే ఉన్నాయి. తిత్తి ఒకటి తెప్పించి, వాల్వుల పెట్టె శుభ్రం చేసి, కంప్రెసరుకి లోపలి సామాను మారిస్తే బండి ఎప్పటిలా ఉంటుంది, కాకపోతే సామాను చెన్నై నుంచి రావాలి, కాస్త ఆలస్యమవుతుంది అన్నాను. రమణబాబు గారికి ఆలస్యం అనే మాట పడదు. నాలుగూ పీకి స్ప్రింగులు వేసేద్దాం, మళ్లీ మళ్లీ వచ్చి తలనొప్పి పెట్టడు అన్నాడు. ఫోన్ చేసి అడగండి అన్నాను. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి చేశాడు.

"ప్రసాద్ గారూ, రిపేరు చేస్తే మళ్లీ ఇదే రావచ్చండీ. పర్మనెంటుగా ఒక పని చేస్తాం. ఇక మీకు కూర్చునే సమస్యే ఉండదు."

"అదే కావాలండీ," అన్నాడు అవతల నుంచి శివప్రసాద్ గారు. "కూర్చునే సమస్యే ఉండకూడదు. మా ఇంట్లో బాధంతా దాని గురించే."

ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఇద్దరూ ఒకే మాటన్నారు. ఒకరు చెప్పింది కారు కూర్చోవడం గురించి, ఇంకొకరు చెప్పింది కారులో కూర్చోవడం గురించి.

ఫోన్ పెట్టేశాక నాకు వీరయ్య గారి కుర్చీ గుర్తొచ్చింది. ఇంత ఎత్తు బండి, స్ప్రింగులు వేస్తే ఇక దిగదు, వాళ్లింట్లో ఎవరెవరు ఎక్కుతారో ఒక్క మాట అడగండి అన్నాను.

"మామగారి రోజులు కావండీ ఇవి," అన్నాడు రమణబాబు గారు, షెడ్డంతా వినేలా. "మనం చేసేది రిపేరా, పెళ్లిచూపులా?"

అందరూ నవ్వారు. ఆ షెడ్డులో ఒకరి గాలి తీసేది ఎప్పుడూ నేనే. ఆ రోజు నా గాలి పోయింది. పైగా ఆ జోకు ఒకప్పుడు నాదే.

స్ప్రింగులు బిగించాం. నా చేత్తోనే బిగించాను, గట్టిగా బిగించాను. పనిలో వంక పెట్టడానికి లేదు.

డెలివరీ

బండిని నేనే నడుపుకుంటూ మంగళగిరి తీసుకెళ్లాను. ఫోటో తీసుకుని ఫోన్లో పెట్టుకోవాలని రమణబాబు గారు కూడా వచ్చాడు. దారిపొడుగునా బండి ఎంత గట్టిగా నిలబడిందో చెప్పుకుంటూ వచ్చాడు.

ఇంటి ముందు నాగలింగం గారు కుర్చీలో సిద్ధంగా ఉన్నారు. జరీ అంచు పంచె, ఇస్త్రీ చొక్కా, చేతిలో కర్ర. మమ్మల్ని చూసి కర్ర మీద ఆనుకుని, కుడికాలు కర్రలాగే బిగబట్టి నిదానంగా బండి దగ్గరికి నడిచారు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి బతుకంతా నేసిన మనిషి. ఒక మోకాలు వంగదు, రెండోది వంగితే లేవదు. ఆటోలో ఆ కాలు పట్టదు. చిన్న కార్లలో సీటు కిందికి ఉంటుంది, కూర్చుంటే ఇద్దరు లాగితే గానీ లేవలేరు.

ఆ పెద్ద బండి ఎందుకు కొన్నారో అప్పుడు అర్థమైంది. మీట నొక్కితే అది కిందికి దిగేది. సీటు సరిగ్గా ఆయన నడుం ఎత్తుకి వచ్చేది. ఆయన అటు తిరిగి నిలబడి సీటుకి చేరగిలబడితే చాలు, కూర్చున్నట్టే. కొడుకు కాళ్లు నెమ్మదిగా లోపలికి తిప్పేవాడు. అలా రోజూ పొద్దున కొట్టుకి వెళ్లి గుమ్మం పక్కన కూర్చుని, నేతగాళ్లు తెచ్చిన చీరల అంచులు వేళ్లతో తడిమి, ఒకరిని మెచ్చుకుని ఇద్దరిని ఏడిపించి, వాళ్లతో టీ తాగి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేవారు. ఎవరూ ఎత్తకుండా, ఎవరి భుజమూ పట్టుకోకుండా. బండి మా షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఇంట్లోనే ఉన్నారు.

ఆయన బానెట్ మీద చేత్తో తట్టారు.

"కూర్చోవే తల్లీ," అన్నారు.

శివప్రసాద్ గారు మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. రమణబాబు గారికి ఇంకా ఏమీ తెలియలేదు. నవ్వుతూ ముందుకొచ్చాడు.

"ఇక జన్మలో కూర్చోదండీ. నాది గ్యారంటీ."

నాగలింగం గారు ఆయన్ని చూశారు, బండిని చూశారు. సీటు ఆయన నడుం దాటి ఇంత పైన ఉంది. కర్ర ఎత్తి ఆ సీటు అంచుని తాకించి చూశారు.

"నిలబెట్టేశారా దీన్ని," అన్నారు.

అప్పటికి రమణబాబు గారికి వెలిగింది. ఫర్వాలేదండీ, చెరోపక్కా పట్టుకుని ఎక్కించేస్తాం అంటూ చెయ్యి వేయబోయాడు. పెద్దాయన కర్ర అడ్డం పెట్టారు.

"నేనేమన్నా చీరల మూటనా అబ్బాయ్?"

తర్వాత వెనక్కి తిరిగి, వచ్చినంత నిదానంగా కుర్చీ దగ్గరికి నడిచారు. రమణబాబు గారు ఫోటో తీయలేదు.

శివప్రసాద్ గారు నన్ను పక్కకి తీసుకెళ్లి, బండి కూర్చోవట్లేదనే కదండీ నేను చెప్పింది అన్నాడు. నాన్నగారి కోసమని ఒక్క ముక్క చెప్పాల్సింది కదండీ అన్నాను.

"అక్కడ సోఫాల్లో అంతమంది ఉన్నారు," అన్నాడాయన. "మా నాన్న కాలెత్తలేడని వాళ్ల ముందు ఎలా చెప్పను? ఆయనకి తెలిస్తే బతకనిస్తాడా నన్ను?"

హనుమాన్ జంక్షన్

పాత సామాను మళ్లీ బిగిద్దాం, ఆ ఒక్క తిత్తీ తెప్పిద్దాం అన్నాను రమణబాబు గారితో. పాత సామాను లేదు. అప్పుడే హనుమాన్ జంక్షన్‌లో పాత ఇనుము కొనేవాడికి తోలేశాడు. పైగా ప్రసాద్ గారు ఒప్పుకున్నాకే చేశాం, ఫోన్లో మీరూ విన్నారు కదా అన్నాడు. విన్నాను. అదే వచ్చిన చిక్కు.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. పాత ఇనుము కొట్టతను మూడు తిత్తుల్నీ కోసి లారీ బురద రేకులకి రబ్బరు ముక్కలుగా అమ్మేశాడు. కంప్రెసరు మాత్రం రోడ్డు పక్కన పంక్చర్ షాపులో దొరికింది. బ్యాటరీకి తగిలించి దాంతో మోటారు సైకిళ్లకి గాలి కొడుతున్నారు. ఇచ్చేయమంటే షాపాయన ఒప్పుకోలేదు.

"చిన్నదే గానీ మనసున్నదండీ ఇది," అన్నాడు. "అడిగినంత ఇస్తుంది."

ఒక మనిషిని రోజూ కొట్టుకి పంపిన గాలి అక్కడ ఎవరెవరి టైర్లలోకో పోతోంది. తిత్తులే లేనప్పుడు అది దొరికీ ఏం లాభంలే అనుకుని, నేనూ ఒక టీ తాగి వచ్చేశాను.

మొత్తం సామాను కొత్తగా తెప్పించి పెట్టొచ్చు. దానికి రమణబాబు గారు, పొరపాటు మాది అని ఒక మాట అనాలి. అనలేదు. ఆయన అనేదాకా శివప్రసాద్ గారు నిలదీయాలి. ఆయన నిలదీసే మనిషి కాదు. చివరికి నాగలింగం గారే, నా కోసం దాన్ని మళ్లీ విరగ్గొట్టొద్దు, వదిలేయండి అన్నారట. అందరికీ ఆ మాటే కావాల్సి వచ్చింది.

నేను ఇనుముతో ఒక మెట్టు చేయించి తీసుకెళ్లాను. ఆయన దాన్ని చూసి నవ్వారు. "దీన్ని ఎక్కగలిగితే బండే ఎక్కేవాణ్ని కదయ్యా మేస్త్రీ," అన్నారు. మంచి జోకు. నేను వేయాల్సింది.

ఆ తర్వాత ఎక్కువ కాలం ఆ షెడ్డులో లేను. మనసు విరిగి మానేశానని చెబితే బాగుంటుంది. నడుం విరిగి మానేశాను. రమణబాబు గారికి ఆ డెలివరీ రోజు తన నోట వచ్చిన మాట బాగా నచ్చింది. ఇప్పుడు షెడ్డు మీద పెద్ద బోర్డుంది. 'మీ బండి ఇక జన్మలో కూర్చోదు' అని ఎర్రక్షరాలు. గిరాకీ కూడా బాగుందని విన్నాను.

మళ్లీ మంగళగిరి

పిల్లలూ, మీకు కంప్యూటర్ తగిలించి లోపం చదవడం వచ్చు. నాకు రాదు. అది బండి చెప్పేది చెబుతుంది. మనిషి చెప్పేది మీరే వినాలి. ఆయన సిగ్గుపడి మింగేసింది కూడా మీరే అడగాలి. అడిగితే ఓనరు నవ్వుతాడు, పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను వాళ్ల నవ్వుకి ఆగిపోకపోయినా పెద్ద ఫలితం ఉండేది కాదేమో, ఆ షెడ్డు నాది కాదు. మీలో ఎవరికైనా షెడ్డుంటే, ముందు ఒక కుర్చీ కొనండి.

మొన్న పంచెల కోసం మంగళగిరి వెళ్లాను. శివప్రసాద్ గారు గుర్తుపట్టి మర్యాదగా కూర్చోమన్నాడు. గుమ్మం పక్కన నాగలింగం గారి కుర్చీ ఉంది. దాని మీద అమ్ముడుపోని దుప్పట్లు దొంతరగా పెట్టారు. నాన్నగారు ఎలా ఉన్నారంటే, ఉన్నారండీ, ఇంట్లోనే అన్నాడు. చీరలు ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి చూపిస్తున్నారా అని అడిగాను. మొదట్లో వెళ్లేవాళ్లండీ అన్నాడు.

ఇంకేం మాట్లాడాలో తోచక, నోటి అలవాటు కొద్దీ, బండెలా ఉందండీ అన్నాను.

"బాగుందండీ. ఒక్కసారి కూడా కూర్చోలేదు."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. చేయడం లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

నేను వచ్చేస్తుంటే ఆయనా కొట్టు దిగాడు. గుంటూరులో సరుకు ఇచ్చి రావాలట. చీరల మూటని రెండు చేతులా ఎత్తి, బండి ముందు తలుపు తీసి, నాగలింగం గారి సీటులో పెట్టాడు. తర్వాత దాని చుట్టూ సీటు బెల్టు తిప్పి బిగించాడు.

నేను చూస్తున్నానని గమనించి, బెల్టు పెట్టకపోతే బండి అరుస్తుందండీ అన్నాడు.